పాటకు చోటిచ్చిన దర్శకుడు

రేడియోలో సినిమా పాట వినిపించే ముందు అనౌన్సరు చిత్రం పేరు చెబుతాడు. పాడినవారి పేర్లు, వ్రాసినవారి పేరు, సంగీతం కూర్చినవారి పేరు చెబుతాడు. సాధారణంగా దర్శకుని పేరు మాత్రం చెప్పడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. పాట చెవికి సంబంధించినది, దర్శకుడు కంటికి పనిచేసేవాడు అని మనమందరమూ అనుకొంటాము. కాని కొన్ని పాటలు విన్నప్పుడు ఈ లెక్క సరిపోదు. 'మల్లీశ్వరి' పాటలు అటువంటివి. ఆ చిత్రం విడుదలయి డెబ్బది సంవత్సరాలు దాటినది. దానిని ఒక్కసారి కూడా చూడనివారు ఎందరో ఆ పాటలను రేడియోలో విన్నారు. వింటున్నప్పుడు ఏటి ఒడ్డు, మబ్బు పట్టిన ఆకాశం, ఎవరి కొరకో ఎదురుచూచే ఒక పల్లెపడుచు వారికి కనిపించినవి. బొమ్మ లేకుండానే బొమ్మ కనిపించడానికి కారణమేమి? సంగీత దర్శకుని ప్రతిభ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చును. అది నిజమే గాని సగం నిజం. మిగిలిన సగం, అనౌన్సరు పేరు చెప్పని ఆ మనిషి దగ్గర ఉన్నది.

ముందుగా వీరిద్దరి పనులు ఎక్కడ కలుస్తాయో చూతము. మన సినిమాలలో పాట, దృశ్యం కంటె ముందు పుడుతుంది. దర్శకుడు సందర్భం చెబుతాడు. కవి మాట వ్రాస్తాడు, సంగీత దర్శకుడు వరుస కడతాడు. ఒక్కొక్కప్పుడు వరుస ముందు పుట్టి మాట తరువాత వస్తుంది. వాద్యగోష్ఠి కుదిరిన తరువాత పాటను రికార్డు చేస్తారు. ఆ రికార్డును చిత్రీకరణ స్థలంలో లౌడ్ స్పీకరు మీద వినిపిస్తూ ఉంటే నటీనటులు దానికి తగినట్లు పెదవులు కదుపుతారు, నడుస్తారు, ఆడతారు. మాటల దృశ్యంలో ఒక చూపు ఎంతసేపు నిలవాలో, ఒక మౌనం ఎక్కడ తెగాలో నిర్ణయించేవాడు దర్శకుడు. పాట వచ్చేసరికి ఆ నిర్ణయాలన్నీ ముందే జరిగిపోయి ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వేగం హెచ్చాలో, ఎక్కడ గుండె బరువెక్కాలో పాటే చెబుతుంది, కెమెరా వింటుంది. అంటే ఆ మూడు నాలుగు నిమిషాలు దర్శకుడు తన చేతి పగ్గాలను మరొకరికి ఇస్తున్నాడన్నమాట.

కథ తెలిసినవాని చేతిలో పగ్గాలు పెడితే బండి చేరవలసిన ఊరు చేరుతుంది. కథతో పనిలేనివాని చేతిలో పెడితే బండి పరుగెత్తుతుంది, చూడడానికి ముచ్చటగానే ఉంటుంది, కాని దారి తప్పుతుంది. పాట అయిపోగానే దర్శకుడు మళ్ళీ మొదటికి వచ్చి, కథను ఆగినచోటి నుండి లాగవలసి వస్తుంది. ఇటువంటి పాటలను మనం ఎన్నో చూచి ఉన్నాము. వాటి మధ్య 'మల్లీశ్వరి'ని నిలబెట్టి చూస్తే బి. ఎన్. రెడ్డి గారు, సాలూరి రాజేశ్వరరావు గారు చేసిన పని ఎటువంటిదో తెలుస్తుంది.

రాజేశ్వరరావు గారు మన ప్రాంతపు మనిషి. 1922వ సంవత్సరంలో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. అది ఆనాడు విశాఖపట్నం జిల్లాలోనిది, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుకు ప్రక్కన కూర్చుని మృదంగం వాయించినవారు. అంటే ఈ పిల్లవానికి తాళమూ తంత్రీ ఇంట్లో వినిపించే మాటలవంటివి. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. అక్కడ గాత్రం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని సాలూరు చినగురువుగారు అని పిలిచేవారు. ఆయన శిష్యుడే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. 'మల్లీశ్వరి'లో వరుస కట్టినవారి ఊరు సాలూరు, నాగరాజు పాత్రకు గొంతు ఇచ్చినవారి గురువుగారి ఊరు కూడా సాలూరే.

పదమూడేండ్లయినా నిండీ నిండకముందే రాజేశ్వరరావు గారు 1935లో వచ్చిన 'శ్రీకృష్ణలీలలు' చిత్రంలో కృష్ణుడుగా నటించి, పాడారు. తరువాత కలకత్తాలో కొంతకాలం ఉండి అక్కడి చిత్రసంగీతాన్ని దగ్గరగా విన్నారు. పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి పాటలో గొంతు ఎత్తకుండా, మాటను నలిపివేయకుండా, చెవి దగ్గర చెప్పినట్లు పాడే ఒక తీరు ఉన్నది. మైకు వచ్చిన తరువాతనే సాధ్యమయిన తీరు అది. నాటకశాల చివరి వరుసకు వినిపించేటట్లు పాడవలసిన అవసరం తీరిపోయినది. రాజేశ్వరరావు గారు ఈ రహస్యాన్ని తెలుగుకు తెచ్చిన మొదటి కొద్దిమందిలో ఒకరు. రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి ఆయన పాడిన లలితగీతాల రికార్డులు ఆ రోజులలో ఇంటింటా గ్రామఫోనుల మీద తిరిగినవి. సినిమాతో సంబంధం లేకుండా పాట తన కాళ్ళ మీద తాను నిలబడగలదని ఆ రికార్డులు చూపించినవి.

తరువాత ఆయన మద్రాసులో జెమినీ స్టూడియోలో చేరారు. అక్కడి యజమాని ఎస్. ఎస్. వాసన్ గారికి కావలసినది వైభవం. 1948లో వచ్చిన 'చంద్రలేఖ'ను తలచుకొనేవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది పెద్ద పెద్ద డోళ్ళ మీద జరిగిన నృత్యం. కర్ణాటక సంగీతం మొదలు పాశ్చాత్య నృత్యగీతం వరకు ఎన్నెన్నో రకాలు ఆ చిత్రంలో వినిపిస్తాయి. రాజేశ్వరరావు గారు ఆ సంతర్పణకు సరిపడ వండి వడ్డించారు. మూడు సంవత్సరాల తరువాత అదే చేయి 'మల్లీశ్వరి'కి పనిచేసినది. రెండు చిత్రాలనూ ప్రక్క ప్రక్కన పెట్టి వింటే ఒకే మనిషి చేశాడంటే నమ్మడం కష్టం. ఆయన విద్య మూడేండ్లలో మారిపోలేదు. ఆయనను అడిగినవారు మారారు, అడిగిన వస్తువు మారినది.

అడిగినవారు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి గారు. 1908లో కడప జిల్లాలో పుట్టి, మద్రాసు చేరి, అచ్చుపనితో మొదలుపెట్టి సినిమాకు వచ్చారు. వాహినీ సంస్థకు ఆయన తీసిన మొదటి చిత్రం 1939 నాటి 'వందేమాతరం'. తరువాత 'సుమంగళి', 'దేవత' వచ్చినవి. ఈ మూడింటికీ సంగీతం చిత్తూరు నాగయ్య గారిది. నాగయ్య గారు నటులు, గాయకులు, సంగీత దర్శకులు కూడా. పాత్రకు ప్రాణం పోసేవారే పాటకూ ప్రాణం పోశారు కనుక ఆ చిత్రాలలో పాట కథకు పరాయిది కాలేదు. 1945 నాటి 'స్వర్గసీమ'లో నాగయ్య గారికి ఓగిరాల రామచంద్రరావు గారు తోడయ్యారు. ఆ పాటల వెనుక ఆకాశవాణి వారందరూ అభిమానించే బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేయి కూడా ఉన్నది. రెడ్డి గారు సంగీతజ్ఞులు కారు. కాని పాట ఎవరిది, ఎందుకు పాడుతున్నది, పాడిన తరువాత ఆమె పరిస్థితి ఏమి మారినది అని అడిగే అలవాటు ఆయన చిత్రాలన్నింటిలోనూ కనిపిస్తుంది. సంగీత దర్శకునికి రాగం పేరు చెప్పగల దర్శకుని కంటె ఇటువంటి దర్శకుడే ఎక్కువ ఉపయోగపడతాడు.

1951 డిసెంబరులో విడుదలయిన 'మల్లీశ్వరి' కథ అందరికీ తెలిసినదే. బుచ్చిబాబు గారి 'రాయలవారి కరుణకృత్యం' దీనికి ఒక మూలం. విజయనగర రాజుల కాలంలో వీరాపురం అనే పల్లె. మల్లి, నాగరాజు బావామరదళ్ళు. నాగరాజు శిల్పి. వానకు తలదాచుకొన్న చోట మల్లి ఆటపాటలను మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు చూస్తారు. ఎదుటివారెవరో తెలియని నాగరాజు, ఈమె కొరకు రాజుగారితో చెప్పి పల్లకి పంపించమని పరిహాసమాడతాడు. పరిహాసం నిజమవుతుంది. పల్లకి వస్తుంది, మల్లి రాణివాసం చేరుతుంది. ప్రేమించిన ఇద్దరి మధ్య ఒక సామ్రాజ్యపు గోడ లేస్తుంది. ఈ కథలో యుద్ధాలు లేవు, పెద్ద మలుపులు లేవు. ఉన్నదంతా ఎదురుచూపు. ఎదురుచూపును మాటలలో చెప్పబోతే రెండు నిమిషాలలో విసుగు పుడుతుంది. దానిని చెప్పగలిగినది పాట ఒక్కటే. కనుక ఈ దర్శకునికి సంగీతం ఒక అవసరంగా వచ్చినది, అలంకారంగా రాలేదు.

వీరిద్దరికీ మధ్య మూడవవారు ఒకరున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మాటలూ పాటలూ రెండూ వ్రాసిన మొదటి చిత్రం ఇది. మాటలు వ్రాసిన చేయే పాటలు వ్రాయడం వలన ఒక లాభం కలిగినది. మల్లి మాట్లాడేటప్పుడు ఒక మనిషి, పాడేటప్పుడు వేరొక మనిషి కాలేదు. మాట మెత్తబడి మెత్తబడి పాటలోనికి జారిపోతుంది. అది ఎక్కడ జారినదో గుర్తుపట్టడం కష్టం. మరొక అదృష్టం భానుమతి గారు. తన పాట తానే పాడుకొనగల నటి కనుక గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అన్న చీలిక లేదు. ఊపిరి ఎక్కడ పీల్చినదో పెదవి అక్కడే విచ్చుకొంటుంది. ఆ గొంతులో ఏ స్థాయి ఎంత నిండుగా పలుకుతుందో తెలిసి వరుస కట్టే వీలు రాజేశ్వరరావు గారికి కలిగినది.

ఇక పాటలను నాలుగింటిని తీసుకొని చూతము. మొదటిది బండి పాట. మబ్బు కమ్ముకొని గాలి వాన రాబోతున్నది. బావామరదళ్ళు ఎద్దులను అదిలిస్తూ ఇంటిదారి పట్టారు. పాటకు తాళం ఎద్దుల నడక. అంతవరకు వారి స్నేహం చిన్ననాటి అల్లరి. ఈ పాట పూర్తయ్యేసరికి ఆ అల్లరిలో వేరొక ఉత్సాహం కలిసినదని మనకు తెలుస్తుంది. ఒక్క మాట కూడా ఎవరూ చెప్పలేదు. ఆ వాన వలననే వారు ఆగుతారు, ఆగడం వలననే రాజు చూస్తాడు. అంటే పాటలోని వేగం కథలోని వేగమే. పాటను తీసివేస్తే వాన హఠాత్తుగా వచ్చిపడినట్లుంటుంది.

రెండవది వాన నిలిచేవరకు మల్లి బావ ముందు ఆడుతూ పాడిన పాట. సంగీత దర్శకునికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ పాట విని సాహితీ సమరాంగణ సార్వభౌముడు ముగ్ధుడు కావాలి. కాని పాడేది పల్లెపడుచు, ఆస్థాన నర్తకి కాదు. శాస్త్రీయత మరీ ఎక్కువయితే పాత్ర చెడుతుంది, తక్కువయితే రాజు మెప్పు నమ్మశక్యం కాదు. రాజేశ్వరరావు గారు జావళి పోకడలు గల ఒక వరుసను తీసుకొని, దానిని మరదలు బావను ఆటపట్టించే చనువులోనికి దింపారు. విద్య ఉన్నది, విద్యాప్రదర్శన లేదు. దర్శకుడు కూడా రాజుగారి ముఖాన్ని పదే పదే చూపించి మెచ్చుకోలును మనచేత బలవంతంగా ఒప్పించే ప్రయత్నం చేయలేదు.

మూడవది మేఘాన్ని పిలిచి కబురు పంపే పాట. మల్లి ఒకచోట, నాగరాజు మరొకచోట. ఒకరు పాడినది మరొకరికి వినిపించదు. అయినా ఒక గొంతు విడిచినచోట రెండవ గొంతు అందుకొంటుంది. సినిమాలో యుగళగీతం అంటే ఇద్దరూ చేతులు పట్టుకొని తోటలో తిరగడం అన్న అలవాటు అప్పటికే స్థిరపడినది. ఇక్కడ ఇద్దరి మధ్య క్రోసుల దూరం. ఆ దూరాన్ని కలిపేది సంగీతం ఒక్కటే. పాత్రలకు తెలియని సంగతి శ్రోతకు తెలుస్తుంది, వారిద్దరూ ఒకే వేళ ఒకే మబ్బును చూస్తున్నారని. దర్శకుడు ఇద్దరినీ ఒకే చట్రంలో చూపించవలసిన అవసరం లేకపోయినది. కాళిదాసు నాటి మేఘసందేశపు ఊహను కృష్ణశాస్త్రి గారు అందించారు, కాని ఆ మేఘాన్ని నడిపించినది వరుస.

నాలుగవది, ఎడబాటు తరువాత తుంగభద్ర ఒడ్డున బావను కలుసుకొన్న రాత్రి పాట. ఇన్ని దినాల నిరీక్షణ తీరినది. మరొక చిత్రంలో అయితే ఇక్కడ వాద్యాలన్నీ ఒక్కసారి గలగలలాడేవి. ఈ పాటలో తొందర లేదు, గట్టితనం లేదు. గొంతు దిగువనే ఉండి, తన సంతోషాన్ని తానే నమ్మలేనట్లు ఒక్కొక్క మాటను తడుముకొంటూ పోతుంది. ఎవరైనా వింటారేమోనన్న భయం కూడా అందులో ఉన్నది. రాణివాసపు స్త్రీ అనుమతి లేకుండా బయట ఒక పురుషుని కలుసుకొంటే దండన ఉన్న కాలమది. సంతోషమూ భయమూ కలిసిన స్థితికి తగిన మెత్తదనాన్ని సంగీత దర్శకుడు ఎంచుకొన్నారు. దర్శకుడు దానిని కదలకుండా నిలబడి విన్నారు. ఆ దృశ్యంలో చెప్పుకోదగిన కదలిక లేదు. ఏమీ జరగని కొన్ని నిమిషాలను పాట మీద నమ్మకంతో వదిలిపెట్టడానికి దర్శకునికి గుండెధైర్యం కావాలి. పాటకు చోటివ్వడం అంటే ఇదే.

ఈ పనిలో అద్దేపల్లి రామారావు గారి పేరు మరువరాదు. 'మల్లీశ్వరి'కి వాద్యగోష్ఠిని తీర్చినవారు ఆయన. వరుస ఒకరి మనస్సులో పుట్టినా అది వీణకు ఎంత, వేణువుకు ఎంత, మౌనానికి ఎంత అని పంచిపెట్టే పని వేరు. అనౌన్సరు పేరు చెప్పనివారిలో ఇటువంటివారు కూడా ఉన్నారు. రెడ్డి గారు ఆయన విలువ తెలిసి, 1955లో తీసిన 'బంగారుపాప'కు సంగీత దర్శకత్వం ఆయనకే అప్పగించారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంత చక్కగా కుదిరిన జోడు వెంటనే మళ్ళీ ఎందుకు పనిచేయలేదు? 'మల్లీశ్వరి' తరువాత రెడ్డి గారు 'బంగారుపాప'ను రామారావు గారితోను, 1957లో 'భాగ్యరేఖ'ను పెండ్యాల నాగేశ్వరరావు గారితోను, 1960లో 'రాజమకుటం'ను మాస్టర్ వేణు గారితోను తీశారు. రాజేశ్వరరావు గారు ఈలోగా 'విప్రనారాయణ', 'మిస్సమ్మ', 'చెంచులక్ష్మి', 'ఇద్దరు మిత్రులు' వంటి ఎన్నో చిత్రాలకు పనిచేశారు. వీటిలో 'మిస్సమ్మ' 1955లో ఎల్. వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో విజయావారు తీసినది. అందులో ఆయన సంగీతం చిరునవ్వు నవ్వుతుంది, సంసారపు ముచ్చట్లు ఆడుతుంది. కథ అడిగినది అది. జంటగా పేరు పడితే చాలు, ఎప్పుడూ జంటగానే ఉండాలన్న నియమం వీరికి లేదు. కథను బట్టి మనిషిని పిలవడం, మనిషిని బట్టి పాటను అడగడం రెడ్డి గారి పద్ధతి. కనుక పదమూడేండ్ల తరువాత వారు మళ్ళీ కలిసినప్పుడు అది అలవాటు కొద్దీ జరిగినది కాదని చెప్పవచ్చును.

1964లో వచ్చిన 'పూజాఫలము' మునిపల్లె రాజు గారి నవల ఆధారంగా తీసినది. కథానాయకుడు మధు ధనవంతుడు, బిడియస్థుడు, స్త్రీలతో మాట కలపలేనివాడు. మేడమీద అద్దెకు వచ్చిన వాసంతి పాట అతనిని మొదట కదిలిస్తుంది. గమనించండి, ఈ కథలో సంగీతం పాత్రలకు జరిగే సంఘటన. పాట వినబడకపోతే ఆ బిడియస్థుడు తలుపు తెరవడు, కథ మొదలుకాదు. అందుచేత వాసంతి పాట నిజంగా ఒక మనిషి ప్రపంచాన్ని మార్చగల పాట కావాలి. సి. నారాయణరెడ్డి గారు వ్రాయగా ఎస్. జానకి గారు హిందోళంలో పాడిన పాటను వినండి. పట్టపగలు వెన్నెల కాసినట్లున్నదనే భావానికి ఆ రాగం తగినది. అయిదు స్వరాల రాగం, మెట్లు తక్కువ. కాని రెండు స్వరాల మధ్య ఉన్న ఖాళీలో ఒక నిశ్శబ్దం ఉంటుంది. ఇదే చిత్రంలో విజయనగరంలో పుట్టిన పి. సుశీల గారి పాటలో వేరొక స్త్రీ మనస్సు, అందని దానిని కోరుకొనే మనస్సు పలుకుతుంది. వాసంతి పాటకు వెలుగు, ఈ పాటకు నీడ. ఇద్దరు స్త్రీలకూ ఒకే రకపు సొగసు పంచిపెట్టి ఉంటే కథ కూలిపోయేది.

తరువాత 1966లో 'రంగులరాట్నం', 1969లో 'బంగారు పంజరం' వచ్చినవి. ఈ రెండింటికీ రాజేశ్వరరావు గారితో పాటు బి. గోపాలం గారు సంగీతం సమకూర్చారు. 'రంగులరాట్నం' పల్లె విడిచి పట్నం చేరిన ఒక కుటుంబం కథ. ఓడరేవు పనికో, ఉక్కు కర్మాగారం పనికో ఊరు విడిచి వచ్చిన కుటుంబాలు వీధివీధినా ఉన్న మన విశాఖపట్నంలో ఆ కథ ఎవరికీ క్రొత్త కాదు. కలిమిలేములు రాట్నంవలె తిరుగుతాయన్న తత్వాన్ని ఘంటసాల గారి గొంతులో చెప్పించారు. ఇక్కడ పాట ఏ ఒక్క పాత్రదీ కాదు, కథనంతటినీ దూరం నుండి చూచేవాని మాట. రెడ్డి గారి చివరి చిత్రం 'బంగారు పంజరం'. దానికి కృష్ణశాస్త్రి గారి పాటలు మళ్ళీ తోడయినవి. రెడ్డి గారికి 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చినది. 1977లో ఆయన కన్నుమూశారు. రాజేశ్వరరావు గారు 1999 అక్టోబరులో కన్నుమూశారు.

ఇటువంటి సహవాసాలు ఇతర దేశాలలోనూ ఉన్నవి. రష్యాలో దర్శకుడు ఐసెన్‌స్టీన్, సంగీతజ్ఞుడు ప్రొకోఫియెవ్ కలిసి 1938లో 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' తీశారు. అందులో కొన్ని దృశ్యాలను చూచి సంగీతం వ్రాస్తే, మరికొన్నిచోట్ల సంగీతం ముందు పుట్టి, దృశ్యాన్ని దానికి తగినట్లు కత్తిరించారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పట్టింపు లేదు. బెంగాలులో సత్యజిత్ రాయ్ గారి అనుభవం వేరు. 1955 నాటి 'పథేర్ పాంచాలి'కి పండిత్ రవిశంకర్ అద్భుతమయిన సంగీతం ఇచ్చారు. తరువాత రాయ్ గారు విలాయత్ ఖాన్, అలీ అక్బర్ ఖాన్ వంటి మహావిద్వాంసులతోను పనిచేశారు. చివరకు 1961లో 'తీన్ కన్యా' నుండి తన చిత్రాలకు సంగీతం తానే కూర్చుకొన్నారు. గొప్ప దర్శకుడు, గొప్ప విద్వాంసుడు కలిసినంత మాత్రాన జోడు కుదరదని దీని వలన తెలుస్తున్నది. విద్వాంసుడు తన రాగాన్ని విస్తరించాలనుకొంటాడు, దర్శకుడు గడియారం చూస్తాడు. ఇద్దరిలో ఒకరికయినా రెండవవారి బాధ అర్థం కావాలి.

తెలుగులో ఈ సంప్రదాయం తెగిపోలేదు. వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో పనిచేసి దర్శకులయిన కె. విశ్వనాథ్ గారికి కె. వి. మహదేవన్ గారు దొరికారు. 'సిరిసిరిమువ్వ', 'శంకరాభరణం', 'సప్తపది' ఆ కలయిక ఫలాలు. చేతికి అందిన సాహిత్యానికి వరుస కట్టడంలో మహదేవన్ గారు సిద్ధహస్తులు. 'శంకరాభరణం' సంగీతానికి ఆయనకు జాతీయ పురస్కారం లభించినది. ఇక 1978లో కె. బాలచందర్ గారు మన విశాఖ తీరంలోనూ భీమిలిలోనూ 'మరో చరిత్ర' తీశారు. భాష కలవని ఇద్దరి ప్రేమకథ అది. మాట అందనిచోట ఎం. ఎస్. విశ్వనాథన్ గారి సంగీతం అందుకొన్నది. ఆ చిత్రంలోని సముద్రాన్ని మనం నిత్యం చూస్తూనే ఉన్నాము. అయినా ఆ పాట రేడియోలో వచ్చినప్పుడు చూచే సముద్రం మరొకటి.

ఒక ఆక్షేపణ కూడా చెప్పుకోవాలి. చిత్రాలు మరుగునపడినా పాటలు మిగిలినవి కదా, అటువంటప్పుడు దర్శకునికి ఇందులో భాగమెందుకు అని అడగవచ్చును. లలితగీతాలు పాడిన రోజులలోనే రాజేశ్వరరావు గారి పాట ఒంటరిగా నిలబడగలిగినదని మనమే చెప్పుకొన్నాము. ఇది సత్యమే. కాని ఒంటరిగా నిలిచే పాటలో ఒక భావం ఉంటుంది. 'మల్లీశ్వరి' పాటలో ఆ భావం పుట్టిన మనిషి కూడా ఉంటుంది. ఆమెకు ఒక ఊరున్నది, ఒక బావ ఉన్నాడు, ఒక భయమున్నది. ఈ మనిషిని సంగీత దర్శకునికి పరిచయం చేసినవారు దర్శకులు. పరిచయమయిన మనిషిని గొంతులో దాచి మనకు అందించినవారు సంగీత దర్శకులు. రేడియో ముందు కూర్చున్న మనకు బొమ్మ లేకుండానే బొమ్మ కనిపించడానికి కారణమిదే.

ఇంటిలో పిల్లలున్నవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఏదైనా సినిమా పాట వచ్చినప్పుడు, చిత్రం సంగతి చెప్పకుండా, ఈ పాట పాడుతున్నవారు ఎవరై ఉంటారు, ఎక్కడ ఉండి ఉంటారు, వారికి ఏమి జరిగి ఉంటుంది అని పిల్లలను అడగండి. కొన్ని పాటలకు వారు వెంటనే జవాబు చెబుతారు, ఒక్కొక్కప్పుడు కథలో ఉన్నదే చెబుతారు. కొన్ని పాటలకు బాగున్నది అని మాత్రమే అంటారు. రెండవ రకం పాటలో లోపమున్నదని కాదు. మొదటి రకం పాట వెనుక మాత్రం ఇద్దరు మనుష్యులు ఒకరి మాట ఒకరు శ్రద్ధగా విన్నారని తెలుసుకోవచ్చును. ఆ ఇద్దరిలో ఒకరి పేరు అనౌన్సరు చెబుతాడు. రెండవవారి పేరును మనమే గుర్తు చేసుకోవాలి.